గ్యారేజీలో పనిబల్ల: అపోహలు – వాస్తవాలు

అమెరికాలో సొంత ఇంటి గ్యారేజీలో కొంత భాగాన్ని వడ్రంగి పనిశాలగా మార్చుకోవడం చిరకాలంగా ఉన్న అలవాటు. అక్కడ ఇల్లు కొనుక్కున్న తెలుగువారిలో ఈ పనికి పూనుకునేవారికి మొదట ఎదురయ్యే చిక్కు పనిబల్ల, అంటే చెక్కను నిలిపి కోయడానికీ, తొలవడానికీ, చిత్రిక పట్టడానికీ వాడే బల్ల, ఎలా ఉండాలన్నది. తెలుగునాట సంప్రదాయ వడ్రంగి నేలమీద కూర్చుని, చెక్కను పాదాలతో అదిమిపట్టి, బాడిశతోనూ ఉలితోనూ పని సాగించినవాడు కాబట్టి, నిలబడి పనిచేసే బల్ల ఆ వృత్తి వారసత్వంలో పెద్దగా కనిపించదు. చూసి నేర్చుకున్న నమూనా లేనప్పుడు భోజనాల బల్ల, రాతబల్ల, వంటింటి గట్టు వంటివే నమూనాలుగా నిలుస్తాయి. పనిబల్లను గురించిన అపోహల్లో అధికభాగం ఈ పొరపాటు పోలిక నుంచి పుట్టినవే, అందుకు పుట్టుకతో అమెరికావారైనవారు కూడా మినహాయింపు కారు.

అపోహ: పనిబల్ల అంటే కాస్త దిట్టంగా చేసిన మేజా.

మేజా తనమీద పెట్టిన బరువును మోస్తే చాలు, పనిబల్ల మాత్రం తనమీద ఉన్న చెక్కను ఎటువైపు తోసినా కదలకుండా పట్టుకోవాలి. ఒక పలకకు వెడల్పాటి ముఖాలు, సన్నని అంచులు, కొసలు అని మూడు రకాల తలాలు ఉంటాయి. ఈ మూడింటిలో దేనిమీద పనిచేయవలసి వచ్చినా పలకను అనువుగా బిగించగలదా అన్నదే పనిబల్ల నమూనాకు అసలైన పరీక్ష. మేజాలో కాళ్ళు లోపలికి ఉండి పైపలక నాలుగువైపులా ముందుకు పొడుచుకొని రావడం కూర్చునేవారి మోకాళ్ళకు సుఖం కలిగించవచ్చు గాని, పొడవైన తలుపు చెక్కను నిలువుగా బల్ల అంచుకు ఆనించి దాని సన్నని అంచును చిత్రిక పట్టవలసి వచ్చినప్పుడు ఆ చెక్క కింది భాగానికి ఆనిక దొరకదు. పారిస్ వడ్రంగి ఆంద్రే జాకోబ్ రూబో 1769 నుంచి సంపుటాలుగా వెలువరించిన వడ్రంగ గ్రంథంలోని పనిబల్లలో ముందు కాళ్ళు పైపలక అంచుతో ఒకే తలంలో ఉండడానికి కారణం ఇదే: అక్కడ పైపలక అంచు, కాళ్ళు కలిసి నిలువుగా ఒక పెద్ద ఆనికగా పనిచేస్తాయి. జర్మనీలోని సాల్‌బుర్గ్ రోమన్ కోట బావిలో బయటపడిన, సుమారు 1,800 ఏళ్ళనాటి బల్ల మోకాలెత్తే ఉన్నా ఈ లెక్కన అది నిఖార్సైన పనిబల్ల, ఎందుకంటే చెక్కను ఆపే ఏర్పాటు దానిలో ఉంది.

పైపలక కింద వరసగా సొరుగులు అమర్చుకోవాలన్న కోరిక కూడా మేజా పోలిక నుంచి వచ్చినదే. సొరుగులు పైపలకకు మరీ దగ్గరగా ఉంటే కింది నుంచి క్లాంపు బిగించడానికి చోటు ఉండదు, పలకలో వేసిన రంధ్రాల గుండా దిగే పరికరాలు సొరుగులోని సామానుకు తగులుతాయి. సొరుగులు తప్పనిసరి అనుకుంటే వాటికీ పైపలకకూ మధ్య కనీసం ఒక జానెడు ఖాళీ విడిచిపెట్టడం మంచిది.

అపోహ: మేపుల్, బీచ్, టేకు వంటి ఖరీదైన గట్టి కలపతో చేస్తేనే బల్ల వంగకుండా నిలుస్తుంది.

ఈ నమ్మకం కాఠిన్యం, బిగువు అనే రెండు వేర్వేరు గుణాలను ఒకటిగా లెక్కగడుతుంది. కాఠిన్యం అంటే పైతలం సొట్ట పడకుండా తట్టుకునే శక్తి. దీనిని ఒక చిన్న ఉక్కు గోళాన్ని సగం వరకు చెక్కలోకి దిగగొట్టడానికి కావలసిన బలంతో కొలుస్తారు, ఆ కొలతకు జాంకా అని పేరు. బిగువు అంటే భారం పడినప్పుడు వంగకుండా నిలిచే గుణం. దీనిని స్థితిస్థాపక గుణకంతో కొలుస్తారు. అమెరికా గట్టి మేపుల్ జాంకా కొలతలో సుమారు 1,450 పౌండ్ల దగ్గర ఉండగా, ఇళ్ళ చట్రాలకు వాడే లాంగ్‌లీఫ్ పైన్ 870 దగ్గర, డగ్లస్ ఫర్ అంతకంటే తక్కువ దగ్గర ఆగుతాయి, కాబట్టి కాఠిన్యంలో మేపుల్‌దే పైచేయి. బిగువు లెక్క తలకిందులవుతుంది: మేపుల్ గుణకం సుమారు 12.6 గిగాపాస్కల్ అయితే, డగ్లస్ ఫర్‌ది 13.4, లాంగ్‌లీఫ్ పైన్‌ది 13.7, తెలుగువారు కలపలో రాజుగా ఎంచే టేకు 10.7 దగ్గర ఈ మూడింటికంటే వెనకబడుతుంది. టేకు గొప్పతనం చెద, తేమలను తట్టుకోవడంలోనూ, ఆకృతి చెడకుండా నిలవడంలోనూ ఉంది తప్ప బిగువులో లేదు.

అంతకంటే ముఖ్యమైనది మందం. ఒకే వెడల్పున్న పలక బిగువు దాని మందం ఘనానికి అనుపాతంలో పెరుగుతుంది గనుక, అంగుళంన్నర పలక స్థానంలో 3 అంగుళాల పలక వేస్తే అది 8 రెట్లు బిగువుగా ఉంటుంది. కలప జాతిని మార్చడం వల్ల చేకూరే 20–30 శాతం తేడా దీని ముందు లెక్కలోకి రాదు. అలాగే కాళ్ళ మధ్య దూరాన్ని రెట్టింపు చేస్తే, నడిమధ్య పడిన భారానికి పలక వంగడం 8 రెట్లు అవుతుంది. చవకైన నిర్మాణపు కలపను నిలువు పట్టీలుగా పేర్చి జిగురుతో అతికి మందమైన పలక చేసుకున్నవారు, పలచని మేపుల్ పలక కొన్నవారికంటే తక్కువ డబ్బుతో మెరుగైన బల్ల సాధించగలరు. బల్ల మెత్తగా ఉంటే త్వరగా సొట్టలు పడుతుందన్న అభ్యంతరం నిజమే గాని, చేస్తున్న వస్తువుకు బదులు బల్లకు సొట్ట పడడం నష్టం కాదు. బల్లను ఎప్పుడైనా చిత్రిక పట్టి మళ్ళీ చదును చేసుకోవచ్చు.

ఇక్కడే కొత్తవారిని తికమకపెట్టే మరొక విషయం ఉంది. అమెరికా కలప దుకాణాల్లో రెండు బై నాలుగు అని అమ్మే కలప నిజానికి అంగుళంన్నర మందం, మూడున్నర అంగుళాల వెడల్పు మాత్రమే ఉంటుంది. ఆ పేరు రంపం నుంచి పచ్చిగా వచ్చినప్పటి నామమాత్రపు కొలతకు చెందినది, ఆరబెట్టి నునుపు చేశాక మిగిలేది తక్కువ. కాగితంమీద నామమాత్రపు కొలతతో లెక్క వేసి కొన్నవారికి పైపలక వెడల్పు ఖాయంగా తగ్గుతుంది. ఈ కలపమీద ఎండబెట్టినట్టు ముద్ర ఉన్నా తేమ 19 శాతం వరకు ఉండవచ్చు కాబట్టి, కొన్ని వారాలపాటు గ్యారేజీలోనే గాలి ఆడేలా పేర్చి ఉంచిన తరవాతే అతకడం క్షేమం.

ప్లైవుడ్, ఎండీఎఫ్ బల్లలు అసలైన పనిబల్లలు కావన్న చిన్నచూపుకు కూడా ఆధారం లేదు. ఎండీఎఫ్, అంటే కలప నారను జిగురుతో కలిపి ఒత్తిన పలక, చాలా చదునుగానూ బరువుగానూ ఉంటుంది. నీరు తగిలితే అంచులు ఉబ్బడం, ఆనిక చాలకపోతే నెమ్మదిగా కుంగడం దాని లోపాలు. రెండు పలచని పలకల మధ్య గళ్ళ చట్రం పెట్టి అతికితే ఈ రెండో లోపం చాలావరకు తీరుతుంది.

అపోహ: బల్ల ఊగుతుంటే కాళ్ళు లావు చేయాలి, మరలు ఎక్కువ దిగేయాలి.

పనిబల్ల ఊగడానికి కారణం సాధారణంగా కాళ్ళ బలహీనత కాదు, చట్రం ఆకారం. నాలుగు భుజాల చట్రం, భుజాలు ఎంత లావుగా ఉన్నా, పక్కనుంచి తోసినప్పుడు మూలల దగ్గర కోణాలు మార్చుకొని ఒకవైపు ఒరగగలదు. త్రిభుజం మాత్రం భుజాల పొడవు మారకుండా కోణాలు మార్చుకోలేదు. కాబట్టి కాళ్ళ మధ్య ఐమూలగా వేసిన ఒక సాధారణ పట్టీ గాని, వెనకవైపు మొత్తం కప్పుతూ జిగురుతోనూ మరలతోనూ బిగించిన 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పలక గాని చేసే మేలు, కాళ్ళ మందం రెట్టింపు చేసినా రాదు. ఇంగ్లండులో పీటర్ నికల్సన్ 1812లో ప్రచురించిన పుస్తకంలోని పనిబల్ల పలచని పలకలతోనే నిలబడగలగడానికి రహస్యం దాని ముందుభాగాన కాళ్ళకు అడ్డంగా బిగించిన వెడల్పాటి పలకలో ఉంది. ఆ వెడల్పు మూల కోణాన్ని కదలనీయదు. మరలు ముందుకూ వెనక్కూ తోపులు తినే కొద్దీ తమ రంధ్రాలను తామే వదులు చేసుకుంటాయి. నట్టు, బోల్టు అయితే వదులైనప్పుడు మళ్ళీ బిగించుకోవచ్చు, ఇల్లు మారినప్పుడు విప్పి తీసుకుపోవచ్చు.

అయితే అన్ని ఊగిసలాటలూ చట్రం తప్పులు కావు. అమెరికా గ్యారేజీ నేలను కారు నుంచి కారే నీళ్ళు బయటికి పోవడానికి తలుపు వైపు వాలుగా పోస్తారు. ఈ వాలు అడుగుకు అంగుళంలో ఎనిమిదో వంతు ఉందనుకున్నా, వాలు వెంబడి పెట్టిన ఆరడుగుల బల్ల రెండు కొసల మధ్య ముప్పావు అంగుళం తేడా వస్తుంది. అందువల్ల కాళ్ళ కింద ఎత్తు సవరించుకునే మరపాదాలు అమర్చడం గాని, బల్ల తుది చోటు తేలాక కాళ్ళను ఆ వాలుకు తగ్గట్టు కోయడం గాని అవసరం. గోడకు బిగించడం సులభమైన మందే గాని, మరలు జిప్సం పలకలోకి కాక దాని వెనక సాధారణంగా 16 అంగుళాల ఎడంతో ఉండే నిలువు దిమ్మెల్లోకి దిగాలి, పైగా బల్ల వెనక నుంచి పనిచేసే వీలు పోతుంది. కారు కోసం బల్లను జరపక తప్పనివారు చక్రాలు పెట్టుకుంటే తప్పు లేదు. పనివేళ చక్రాలు పైకి లేచి కాళ్ళు నేలను తాకే రకాన్నే ఎంచుకోవాలి.

అపోహ: పనిబల్లకు ప్రామాణికమైన ఎత్తు 36 అంగుళాలు.

ఇది అమెరికా వంటింటి గట్టు ఎత్తు, దానికీ వడ్రంగానికీ సంబంధం లేదు. చేతి చిత్రికతో పనిచేసేటప్పుడు భుజబలం కంటే ఒంటి బరువు ముందుకు తోయాలి కాబట్టి బల్ల తక్కువ ఎత్తులో, నిలబడి చేతులు వదిలేస్తే వేళ్ళ కణుపులకూ మణికట్టుకూ మధ్య వచ్చేలా ఉండడం అనుకూలం. మధ్యస్థమైన ఎత్తున్న మనిషికి ఇది సుమారు 30 నుంచి 33 అంగుళాల దగ్గర తేలుతుంది. సన్నని రంపపు కోతలకు, చెక్కడపు పనికి దృష్టి దగ్గరగా ఉండాలి కనుక అంతకంటే అరడుగు ఎత్తు హాయినిస్తుంది. ఒకే బల్ల రెండింటికీ సరిపోదు. బల్లను తక్కువ ఎత్తులో చేసుకొని, సున్నితమైన పనులప్పుడు దానిమీద రెండు మరలున్న చిన్న బిగింపు దిమ్మెను పెట్టుకోవడం పాత పద్ధతి. 17వ శతాబ్దపు ఆంగ్ల రచయిత జోసెఫ్ మాక్సన్ పేరుతో ఇప్పుడు దానిని మాక్సన్ వైస్ అంటున్నారు. బల్ల రంపం ఉన్నవారు దాని తలం కంటే ఒక పిసరు తక్కువగా పనిబల్లను నిలిపితే, కోసిన పలకలను అందుకునే బల్లగా కూడా అది పనికివస్తుంది.

అపోహ: ప్రతి అతుకునూ జిగురుతో కదలకుండా చేస్తేనే బల్ల శాశ్వతంగా నిలుస్తుంది.

కలప ఎండినా గాలిలోని తేమను పీల్చుకొని ఉబ్బుతూ, వదిలి కుంచించుకుపోతూనే ఉంటుంది. నార వెంబడి, అంటే పొడవున, ఈ మార్పు లెక్కలోకి తీసుకోనంత స్వల్పం. నారకు అడ్డంగా మాత్రం గణనీయం. గాలిలో తేమ 50 శాతం ఉన్నప్పుడు కలపలో సుమారు 9 శాతం తేమ నిలుస్తుంది, 75 శాతం ఉన్నప్పుడు 14 దాకా చేరుతుంది. ఈ తేడాకు వార్షిక వలయాలు అడ్డంగా పరచుకున్న 24 అంగుళాల టేకు పలక సుమారు 6 మిల్లీమీటర్లు వెడల్పెక్కుతుంది, లాంగ్‌లీఫ్ పైన్ 8 దాకా వెళుతుంది. శీతకాలంలో పొడిబారి వేసవిలో తేమెక్కే గ్యారేజీకైనా, వానాకాలపు కోస్తా జిల్లాలోని కారు షెడ్డుకైనా ఈ లెక్క వర్తిస్తుంది. అటువంటి పలక కొసలకు నారకు ఎదురుగా పట్టీని పూర్తి పొడవునా జిగురుతో అతికితే, పలక కదలవలసినది కదలలేక చీలుతుంది. పట్టీని మధ్యలో మాత్రమే అతికి, మిగిలిన చోట్ల మరలకు కోలగా ఉండే రంధ్రాలు విడవడం, పైపలకను చట్రానికి ముందు అంచున గట్టిగానూ వెనక వదులుగానూ బిగించడం తగిన పద్ధతులు. వెడల్పాటి కలపను పట్టీలుగా కోసి పక్కకు తిప్పి అతికినప్పుడు వలయాలు నిలువుగా నిలుస్తాయి కాబట్టి కదలిక దాదాపు సగానికి తగ్గుతుంది.

అపోహ: ఎన్ని వైసులుంటే అంత మంచి బల్ల.

రూబో చూపిన బల్లలో కొసన వైస్, అంటే మర తిప్పి చెక్కను బిగించే పట్టు, లేదు. పైపలకలోంచి ఎత్తడానికీ దించడానికీ వీలున్న ఒక ఆపుదిమ్మె, రంధ్రంలో దింపి సుత్తితో ఒక్కటి వేస్తే వాలి బిగుసుకునే హోల్డ్‌ఫాస్ట్ అనే ఇనుప కొంకి, ఇవే దాని ముఖ్య ఆధారాలు. అమెరికాలో ఈ కొంకికి ముప్పావు అంగుళం రంధ్రం వాడుక. పలక మందం అంగుళంన్నరకు తగ్గితే కొంకి సరిగా పట్టదు. ఒక మంచి వైస్, రెండు కొంకులు, ఒక ఆపుదిమ్మెతో పని మొదలుపెట్టి, మిగిలినవి అవసరం తెలిశాక చేర్చుకోవడం తెలివైన ఖర్చు.

అపోహ: బల్లకు అద్దంలా మెరిసే వార్నిష్ పూయాలి.

నునుపైన పూత చెక్కను జారనిస్తుంది, పైగా గీతలు పడ్డాక బాగుచేయడం కష్టం. ఉడికించిన అవిసె నూనె పలచగా ఒకటి రెండు పూతలు వేసి తుడిచేస్తే జిగురు అంటుకోకుండానూ, మరకలు లోతుకు దిగకుండానూ ఉండడానికి అది చాలు. అయితే ఆ నూనె గాలితో కలిసి ఆరేటప్పుడు వేడి పుడుతుంది. తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూలన పడేస్తే ఆ వేడి బయటికి పోలేక గుడ్డలకు దానంతట అదే నిప్పంటుకోవచ్చు. అందుచేత నూనె గుడ్డలను విడివిడిగా పరచి ఆరుబయట ఆరబెట్టాలి, లేదా నీళ్ళు పోసిన లోహపు డబ్బాలో వేసి మూత పెట్టాలి. కారూ పెట్రోలూ ఉండే గ్యారేజీలో ఈ జాగ్రత్తను ఒక్కసారి కూడా వాయిదా వేయరాదు.