ఇష్టంగా చేసే పనిని అమ్మితే ఆ ఇష్టం పోతుందా?

చిన్నప్పుడు వదిలేసిన బొమ్మలు గీయడమో, కుట్టడమో, అల్లడమో పెద్దయ్యాక మళ్ళీ మొదలుపెట్టి, దాంతో ఒక చిన్న బిజినెస్ చేయడం ఎలా అన్నది ఈ ఎపిసోడ్ టాపిక్. దీని గురించి ఎవరితో మాట్లాడినా చివరికి ఒకే ప్రశ్న వస్తుంది: "ఇష్టంగా చేసేదాన్ని అమ్మడం మొదలుపెడితే ఆ ఇష్టం పోదా?" పోయే ఛాన్స్ ఉంది. అది ఎలా పోతుందో ముందు అర్థం చేసుకుంటే, పోకుండా చూసుకోవచ్చు.

1973లో అమెరికాలో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ అనే ముగ్గురు సైకాలజిస్టులు ఒక ప్రయోగం చేశారు. స్కెచ్ పెన్నులతో బొమ్మలేయడం అంటే బాగా ఇష్టమున్న నర్సరీ పిల్లల్ని తీసుకుని మూడు గుంపులు చేశారు. మొదటి గుంపుకి "బొమ్మ వేస్తే సర్టిఫికెట్ ఇస్తాం" అని ముందే చెప్పారు. రెండో గుంపుకి ఏమీ చెప్పకుండా, బొమ్మ వేశాక ఇచ్చారు. మూడో గుంపుకి అసలు ఏమీ ఇవ్వలేదు. తర్వాత కొన్ని రోజులకి ఆ పెన్నులే మళ్ళీ క్లాసులో పెట్టి, ఎవరు వాటితో ఎంతసేపు ఆడుకుంటారో చూశారు. సర్టిఫికెట్ కోసం గీసిన పిల్లలు మిగతావాళ్ళతో పోలిస్తే సగం సేపే గీశారు. అనుకోకుండా సర్టిఫికెట్ అందుకున్న పిల్లల ఇష్టం మాత్రం తగ్గలేదు.

అంటే బహుమతిలో తప్పు లేదు. "బహుమతి కోసమే గీస్తున్నాను" అనే లెక్క మనసులోకి వచ్చినప్పుడే ఇష్టం తగ్గింది.

ఇప్పుడు మన స్కూళ్ళు గుర్తుతెచ్చుకోండి. టైమ్ టేబుల్‌లో డ్రాయింగ్ పీరియడ్ ఉంటుంది, కానీ పరీక్షలు దగ్గరపడితే అందులోకి లెక్కల సార్ వచ్చేస్తారు. టెన్త్, ఇంటర్, ఎంసెట్, బీటెక్... ఏ మెట్టు మీదైనా ఒకటే ప్రశ్న: "ఇది మార్కులకి పనికొస్తుందా?" పన్నెండు పదిహేనేళ్ళు ఇలా గడిచాక, ఏ పని పట్టుకున్నా ముందు "దీనివల్ల లాభమేంటి" అని అడగడం మనకి అలవాటైపోయింది. "నాలో క్రియేటివిటీ లేదండీ" అనేవాళ్ళలో చాలామందికి అది లేక కాదు, ఈ ప్రశ్న అడ్డం పడి.

కాబట్టి మొదటి పని, ఆ ప్రశ్న లేకుండా కొన్నాళ్ళు చేయడం. 1992లో వచ్చిన 'ది ఆర్టిస్ట్స్ వే' పుస్తకంలో జూలియా కామెరాన్ ఒక పద్ధతి చెప్పారు. రోజూ పొద్దున్నే మూడు పేజీలు చేత్తో రాయాలి. ఏదైనా రాయొచ్చు, ఎవరికీ చూపించక్కర్లేదు. మనకి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ ముగ్గు. అవే చుక్కలతో రోజుకో కొత్త ముగ్గు వేస్తారు. మర్నాడు పొద్దున్నే ఊడ్చేస్తారు. ముగ్గు చెరిగిపోయిందని ఎవరూ బాధపడరు, దాచుకోరు కూడా. చేయి మాత్రం రోజురోజుకీ తిరుగుతుంది.

మీరూ అలాగే చేయండి. రోజుకి 20 నిమిషాలు చాలు. ఒకే మెటీరియల్ పెట్టుకోండి, పెన్సిలైతే పెన్సిల్, క్రోషే అయితే ఒకే రంగు నూలు. మొదటి నెల ఇన్‌స్టాలో పెట్టొద్దు. పెట్టారంటే లైకుల లెక్క మొదలవుతుంది, అదీ సర్టిఫికెట్ లాంటిదే. నెల తర్వాత కూడా పొద్దున లేవగానే చేయి అటే పోతుంటే, అప్పుడు అమ్మడం గురించి ఆలోచించండి.

అమ్మేటప్పుడు ఎలా? కొండపల్లి బొమ్మల వాళ్ళని చూడండి. దశావతారాలు, అంబారీ ఏనుగు, ఎడ్లబండి... ఏళ్ళ తరబడి వచ్చిన సెట్లు ఉంటాయి. తెల్ల పొణికి కర్రతో భాగాలు విడివిడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికి, రంగులేస్తారు. ప్రతి కస్టమర్ కోసం సున్నా నుంచి కొత్త డిజైన్ కనిపెట్టరు. మీరు కూడా నాలుగైదు ఐటమ్స్‌తో చిన్న లిస్టు పెట్టుకుని అవే అమ్మండి. "మా పాప ఫొటో పెట్టి, కలర్ మార్చి, రేపటికల్లా" అనే కస్టమ్ ఆర్డర్లు నెలకి రెండో మూడో చాలు. ఎందుకంటే ఇష్టాన్ని ఎక్కువగా తినేసేవి అవే.

రెండోది ధర. చేత్తో కుట్టిన ఒక నోట్‌బుక్ అనుకుందాం. పేపర్ 40, అట్ట 15, గుడ్డ 25, దారం, జిగురు 10, ప్యాకింగ్ 20 రూపాయలు. మొత్తం 110. "నూటపది పడింది, నూట యాభైకి ఇచ్చేద్దాం" అంటారు చాలామంది. మరి మీరు కూర్చున్న గంటన్నర? గంటకి 100 చొప్పున వేసుకున్నా ఇంకో 150. అక్కడికి 260. పాడైన పీసులు, తిరుగుడు ఖర్చులు 10 శాతం వేస్తే 286. ఇది అసలు ఖర్చు. దీన్ని షాపులో పెట్టి, వాళ్ళు 30 శాతం కమిషన్ తీసుకుంటారనుకోండి. 350కి అమ్మినా మీ చేతికొచ్చేది 245, అంటే పీసుకి 41 రూపాయల నష్టం. 410 పెడితేగానీ ఖర్చులు రావు. లాభం ఆ పైన. ధర తక్కువ పెడితే ఆర్డర్లు పెరుగుతాయి, నిద్ర తగ్గుతుంది, నోట్‌బుక్ చూస్తేనే చిరాకొస్తుంది. ఇష్టం పోయిందని అనుకుంటారు, నిజానికి పోయింది కూలి.

కాగితాల సంగతి త్వరగా చెప్పేస్తా. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ప్రభుత్వ పోర్టల్‌లో పూర్తిగా ఉచితం, ఎవరైనా ఫీజు అడిగితే ఇవ్వొద్దు. జీఎస్టీ విషయానికొస్తే, వస్తువులు అమ్మేవాళ్ళకి ఏడాది టర్నోవర్ పరిమితి ఆంధ్రప్రదేశ్‌లో 40 లక్షలు, తెలంగాణలో 20 లక్షలు. వేరే రాష్ట్రానికి పంపినా, ఆన్‌లైన్ ప్లాట్‌ఫామ్‌లో పెట్టినా రూల్స్ మారతాయి, అది మొదలుపెట్టే ముందే ఒక ఆడిటర్‌ని అడగండి.

చివరిగా ఒక మాట. అమ్మేది ఎంత బాగా నడిచినా, అమ్మకానికి పెట్టని పని ఒకటి ఉంచుకోండి. నోట్‌బుక్కులు అమ్మేవాళ్ళైతే బొమ్మలు గీసుకోండి, బొమ్మలు అమ్మేవాళ్ళైతే మట్టితో ఏదైనా చేసుకోండి. "అబ్బా, భలే ఉంది, దీన్ని అమ్మొచ్చుగా" అని ఇంట్లోవాళ్ళు అంటారు. నవ్వేసి ఊరుకోండి. ఆ 20 నిమిషాలకి లాభం, నష్టం ఏదీ రాయొద్దు. రేపు అమ్మడానికి కొత్త ఐడియా వచ్చేది అక్కడి నుంచే. బిజినెస్ ఆగిపోయినా మీకు మిగిలేది కూడా అదే.

ఇవాళ్టికి ఇంతే. ఈ రాత్రికే ఒక పెన్సిలో, సూదీ దారమో తీసి టేబుల్ మీద పెట్టుకోండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటాను.