వెలగని దీపం – తీగ జాడ

అమెరికాలో 1960వ దశకంలో యువతరాన్ని ఉర్రూతలూగించిన కార్లను ‘మజిల్ కార్లు’ అంటారు. మజిల్ అంటే కండ. మధ్యరకం కారులో భారీ ఇంజన్‌ను ఇమిడ్చి, వేగమే ధ్యేయంగా నిర్మించినందువల్ల వాటికి ఆ పేరు వచ్చింది. 1964 నాటి పాంటియాక్ జి.టి.ఓ.తో ఈ ఒరవడి ఊపందుకొన్నది. 1966 సెప్టెంబరులో విపణికి వచ్చిన షెవర్లే కమారోను కూడా అభిమానులు ఈ కోవలోనే చేర్చి, నేటికీ పదిలంగా కాపాడుకొంటున్నారు. అయితే ఇంజన్ ఎంత గర్జించినా, వెనుకకు నడిపేటప్పుడు వెలగవలసిన తెల్లని దీపాలు పాత కార్లలో తరచు మొరాయిస్తాయి.

ఇది అలంకారానికి సంబంధించిన లోపం కాదు. నిలిచి ఉన్న కారు వెనుకకు కదలబోతున్నదని తెలిపేది ఆ వెలుగే. బంతి కోసం కారు వెనుక వంగిన పసివాని తల్లికి అదే తొలి హెచ్చరిక.

ఆ దీపానికి విద్యుత్తు చేరే మార్గం సులువైనదే. బ్యాటరీ నుండి తాళంచెవి స్విచ్చికి, అక్కడి నుండి ఫ్యూజుకు, ఆపైన గేరుతో ముడిపడిన రివర్సు స్విచ్చికి విద్యుత్తు ప్రవహిస్తుంది. గేరు రివర్సులో పడగానే స్విచ్చి కలుస్తుంది. తరువాత తీగ తలుపు గడప వెంబడి సాగి డిక్కీలోని బల్బులను చేరుతుంది. తిరుగు ప్రయాణానికి వేరే తీగ అక్కరలేదు. కారు లోహదేహమే ఎర్తుగా పనిచేస్తుంది.

కమారోను తయారుచేసిన జనరల్ మోటార్స్ సంస్థ ఆనాడు రివర్సు దీపాల తీగకు లేత ఆకుపచ్చ రంగును, కుడివైపు మలుపు దీపానికి ముదురు ఆకుపచ్చను వాడింది. దశాబ్దాల మురికి పట్టిన తరువాత ఈ రెండింటికీ భేదం తెలియదు. పైగా పూర్వపు యజమానులు చేతికందిన తీగతో అతుకులు వేసి ఉంటారు. తాళపత్ర గ్రంథంలో ప్రక్షిప్తాలను గుర్తించే పరిష్కర్తకు ఎంత ఓర్పు కావాలో ఇక్కడా అంతే కావాలి. రంగును నమ్మరాదు, తీగ రెండు కొనలనూ పరీక్షించాలి.

పరీక్షకు ముందు చక్రాలకు అడ్డుకట్టలు పెట్టి, హ్యాండ్ బ్రేకు లాగి, ఇంజన్ నడపకుండానే తాళంచెవి తిప్పి, గేరును రివర్సులో ఉంచాలి. రెండు దీపాలలో ఒకటే ఆరిపోతే దోషం ఆ బల్బులోనో, చిలుము పట్టిన హోల్డరులోనో, ఎర్తులోనో ఉంటుంది. రెండూ వెలగకపోతే ముందుగా ఫ్యూజును చూడాలి. అది బాగుంటే, మార్గానికి నడుమనున్న రివర్సు స్విచ్చి వద్ద పరీక్షించడం మేలు. స్విచ్చిలోకి వచ్చిన విద్యుత్తు బయటికి రాకపోతే దోషం స్విచ్చిదే. బయటికి వస్తున్నదంటే వెతకవలసింది వెనుక సగాన్ని మాత్రమే. ఒక్క పరీక్షతో సగం శ్రమ తగ్గుతుంది.

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. తీగలోని పోగులన్నీ తెగి ఒక్కటే మిగిలినా, బల్బు తీసి చూస్తే వోల్టు మీటరు పన్నెండు వోల్టులనే చూపుతుంది. ప్రవాహమే లేనప్పుడు నిరోధం బయటపడదు. రెండు బల్బులూ కలిసి నాలుగు ఆంపియర్లకు పైగా కోరగానే ఆ వోల్టేజీ కుప్పకూలుతుంది. అందుకే అనుభవజ్ఞులు మీటరు కన్నా బల్బుతో చేసిన టెస్టు ల్యాంపునే ఎక్కువగా నమ్ముతారు.

ఫ్యూజు మాటిమాటికి కాలిపోతుంటే తీగ ఎక్కడో రేకు అంచుకు ఒరుసుకొని లోహానికి తగులుతున్నదని గ్రహించాలి. అప్పుడు పెద్ద ఫ్యూజు వేయడం సాహసం కాదు, అవివేకం. ఫ్యూజు కాలడానికి బదులు తివాచీ కింది తీగ కాలుతుంది.

ఆటోమేటిక్ గేర్లున్న అనేక కార్లలో రివర్సు స్విచ్చితోపాటు, గేరులో ఉండగా ఇంజన్ స్టార్టు కాకుండా ఆపే స్విచ్చి కూడా ఒకే పెట్టెలో ఉంటుంది. పరీక్ష కోసం దానిని దాటవేస్తూ కట్టిన తీగను మరచి వదిలేస్తే, మరునాడు తాళంచెవి తిప్పగానే కారు ముందుకో వెనుకకో దూకవచ్చు. కాబట్టి డిక్కీ మూయడానికి ముందే ఆ తీగను విప్పివేయాలి.