వెనుక గదికి కూడా వినబడాలి



నల్లగొండ జిల్లాలోని మా ఇల్లు పాతది. రాతి గోడలు మూరకు మించిన మందం. ముందరి గదిలో వైఫై చక్కగా వస్తుంది గాని వెనుక గదికి అందదు. ఆ గదిలో మా అమ్మ ఉంటుంది. ఏండ్ల తరబడి ఫ్లోరైడు నీళ్ళు త్రాగి కీళ్ళు బిగిసినందున లేచి ముందరికి రాలేదు. భీవండిలో మగ్గాల పనికి పోయిన మా తమ్ముడు ఆదివారం సాయంత్రం వీడియోలో మాట్లాడతాడు. మాట మధ్యలోనే బొమ్మ ఆగిపోయేది. "వాడు నోరు మెదుపుతుండు, మాట ఇనబడతలేదేంది బిడ్డా?" అని అమ్మ అడిగేది.

2011లో కేంద్రం ఆమోదించిన ఆప్టికల్ ఫైబర్ పథకమే తరువాత భారత్‌నెట్ అయినది. మన రాష్ట్రంలో మిషన్ భగీరథ పైపుల వెంట టీ-ఫైబర్ తీగలు వేశారు. తీగ ఊరి దాకా వచ్చినా గోడ దాటించే పని ఇంటివారిదే.

మూలన పడియున్న పాత రౌటరును తెచ్చి, మొదటి దానికి వైరుతో కలిపి, పని అయిందనుకున్నాము. ఇల్లంతటికీ నెట్ పోయింది! ఆ ఆదివారం అమ్మ కొడుకు ముఖం చూడనేలేదు. తప్పు మాదే. ఒకే వీధిలో ఇద్దరు పెద్దమనుషులు వేర్వేరుగా ఇంటి నంబర్లు వ్రాస్తే టపా ఎవరికి చేరుతుంది? రెండు రౌటర్లు ఫోన్లకు చిరునామాలు పంచితే అంతే. పైగా రెండింటి సొంత చిరునామా కూడా ఒక్కటే.

సరియైన పద్ధతి ఇది. రెండవ రౌటరును ముందుగా ఒక్క ఫోనుతోనో కంప్యూటరుతోనో కలిపి తెరవాలి. మొదటి దాని చిరునామా 192.168.1.1 అయితే దీనికి 192.168.1.2 ఇవ్వాలి. డీహెచ్‌సీపీ అనే చిరునామాలు పంచే పనిని ఆపివేయాలి. వైఫై పేరు, పాస్‌వర్డు మొదటి దానివే పెట్టాలి. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకటి 1వ ఛానలు మీద ఉంటే మరొకటి 6 లేక 11 మీద ఉంచాలి. ఆ తరువాతనే వైరు కలపాలి. రెండు వైపులా ల్యాన్ రంధ్రాలలోనే పెట్టాలి గాని వేరుగా ఉండే వ్యాన్ రంధ్రంలో కాదు. వైరు 100 మీటర్లు మించరాదు. ఆరుబయట వేలాడదీస్తే పిడుగు భయమున్నది గనుక ఇంటి లోపలి నుండే తీసుకుపోవుట మంచిది.

వైరు లేని రిపీటరు కూడా దొరుకుతుంది. అయితే అది గాలిలో విన్నదానిని మరల గాలిలోనే పలకవలసియున్నందున వేగం సగానికి తగ్గవచ్చును. ఒక్క మాట: రెండవ రౌటరు దూరాన్ని పెంచుతుందే గాని మీరు కట్టే ప్యాకేజీ వేగాన్ని పెంచదు. అందుచేత ఖర్చు పెట్టక ముందు, ఉన్న రౌటరును బీరువా చాటు నుండి తీసి, ఇంటి నడుమ ఎత్తున పెట్టి చూడండి.

మరుసటి ఆదివారం తమ్ముడు అరగంట మాట్లాడాడు. "చిక్కిపోయినవు బిడ్డా" అన్నది అమ్మ. అంత స్పష్టంగా కనబడినాడన్నమాట. మీ ఇంట్లోనూ ముందరి గదిలో కూర్చుండి అన్నీ బాగున్నవని అనుకోకండి. ఫోను పట్టుకొని ఒకసారి వెనుక గదికి నడచి చూడండి.