పాఠశాల మరుగుదొడ్డి : ఆరోగ్యశాస్త్ర పాఠము

పాఠశాలకు ప్రయోగశాల ఎంత అవసరమో మరుగుదొడ్డియు అంత అవసరము. దేశములోని పాఠశాలలన్నిటను బాలురకు, బాలికలకు వేరువేరుగా మరుగుదొడ్లు ఉండవలెనని, ఆరు నెలలలో ఏర్పాటు చేయవలెనని సుప్రీం కోర్టు 2012 అక్టోబరు 3వ తేదీన రాష్ట్రములను ఆదేశించినది. 2014లో ఆరంభమైన స్వచ్ఛ విద్యాలయ కార్యక్రమము 40 మంది విద్యార్థులకు ఒక మరుగుదొడ్డి, మూడు మూత్రశాలలు చొప్పున ఉండవలెనని లెక్క చెప్పినది. అయితే గది కట్టుట ఒక యెత్తు, దానిని ప్రతిదినము శుభ్రముగా నుంచుట మరియొక యెత్తు.

సంగారెడ్డి జిల్లాలో అమీన్‌పూరు దాపుననున్న కిష్టారెడ్డిపేట, పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతమునకు చేరువలోని గ్రామము. ఇటువంటి చోట్ల జనసంఖ్య త్వరగా పెరుగును. పలు ప్రాంతములనుండి వచ్చిన కుటుంబముల పిల్లలు ఒకే ప్రాంగణములో చదువుదురు. వందలమంది ఒకే కుళాయిని, ఒకే తలుపు గడియను తాకుదురు. కనుక ఒకరి అశ్రద్ధ అందరికి ముప్పు.

రోగము వచ్చు దారి

ఒక గ్రాము మలములో వేలకోట్ల బాక్టీరియాలు ఉండును. వీనిలో అధికభాగము హానిచేయనివే. కాని రోగి మలములో టైఫాయిడ్, కలరా, జిగట విరేచనములు కలిగించు సూక్ష్మజీవులును, కామెర్లు తెచ్చు హెపటైటిస్-ఎ వైరస్సును ఉండవచ్చును. ఇవి చేతినుండి తిండికి, తిండినుండి నోటికి చేరును. కూర్చున్న పీటనుండి రోగము అంటునని పలువురు భయపడుదురు. కాని ఈ రోగములకు అసలు వాహనము చేయి. చెంబు పిడి, కుళాయి మర, తలుపు గడియ దానికి మజిలీలు. అందుచేత నేల కడిగి వీనిని మరచినచో పని సగమే అయినట్లు.

వియన్నా నగరపు ప్రసూతి వైద్యశాలలో సెమ్మెల్వైస్ అను వైద్యుడు 1847లో వైద్యులచేత క్లోరిన్ సున్నపు నీటితో చేతులు కడిగించెను. అంతకుముందు నూటికి పదిమందికి మించి బాలింతలు మరణించుచుండగా, ఆ సంఖ్య సుమారు రెండుకు దిగినది. సూక్ష్మజీవుల సిద్ధాంతము స్థిరపడక పూర్వమే చేతిశుద్ధి మహిమ ఇట్లు తెలియవచ్చినది.

సబ్బు చేయు పని

చేతిపై సహజముగా నుండు జిడ్డుకు మురికియు, సూక్ష్మజీవులును అంటుకొనియుండును. నీరు జిడ్డును కరగింపజాలదు. సబ్బు అణువుకు ఒక కొస నీటిని, మరియొక కొస నూనెను ఇష్టపడును. నూనె కొస జిడ్డును పట్టుకొనగా, నీటి కొస దానిని నీటిలోనికి లాగును. ఇందుకు కొంత రాపిడి, కొంత వ్యవధి కావలెను. కనీసము 20 సెకనులు వ్రేళ్ల సందులు, గోళ్లు, మణికట్లు రుద్దవలెను.

దీనిని తరగతిలోనే చూపవచ్చును. వంటనూనెలో పసుపు కలిపి ఇద్దరు విద్యార్థుల చేతులకు పూయవలెను. ఒకరు వట్టి నీటితోను, మరియొకరు సబ్బుతోను కడుగవలెను. తరువాత ఇరువురి చేతులను తెల్లని గుడ్డకు ఒత్తి పోల్చినచో, గుడ్డపై మరక ఎక్కడ అధికమో కంటికే తెలియును.

నీటి అడ్డు, దుర్వాసన

మరుగుదొడ్డి బేసిను క్రింది గొట్టము వంకరగా నుండును. ఆ వంపులో నిలిచిన నీరు గుంటలోని వాయువులను, పురుగులను పైకి రానీయదు. వాలు ఎక్కువగా గల గ్రామీణపు బేసినుకు 20 మిల్లీమీటర్ల నీటి అడ్డు చాలును; దానిని శుభ్రపరుచుటకు ఒకటిన్నర నుండి రెండు లీటర్ల నీరు సరిపోవును. నీరు పోయక వదలినచో తరువాత వచ్చినవారు వెనుకకు తిరుగుదురు. మూత్రములోని యూరియాను బాక్టీరియాలు అమ్మోనియాగా మార్చుటచేతనే మూత్రశాలలు ఘాటుగా కంపుకొట్టును. వెంటనే నీరు పోయుట, గాలి ఆడు కిటికీ ఉంచుట దీనికి మందు.

శుభ్రపరచునపుడు ఒక జాగ్రత్త ముఖ్యము. బ్లీచింగు పొడిని ఆమ్లముతో ఎన్నడును కలుపరాదు. కలిపినచో విషవాయువైన క్లోరిన్ వెలువడును. మూసిన గదిలో ఇది ప్రాణాపాయము.

పటాన్‌చెరు ప్రాంతమున పరిశ్రమల వ్యర్థజలములవలన నక్కవాగును, భూగర్భజలములును కలుషితమైనవి. బ్లీచింగు పొడి సూక్ష్మజీవులను చంపునేగాని నీట కరిగిన లోహలవణములను తొలగింపజాలదు. కనుక త్రాగునీటి తొట్టికి, కడుగు నీటి తొట్టికి వేరువేరు గుర్తులుండుట మేలు.

బాలికల ఆరోగ్యము

మరుగుదొడ్డి మురికిగా నున్నచోట బాలికలు ఉదయమునుండి నీరు త్రాగుట మానుదురు, మూత్రమును ఆపుకొందురు. స్త్రీల మూత్రనాళము సుమారు 4 సెంటీమీటర్లే గనుక బాక్టీరియాలు మూత్రాశయమునకు సులభముగా చేరును. మూత్రము తరచు బయటికి పోయినపుడే అవియును కొట్టుకొనిపోవును. ఆపుకొన్నచో అవి పెరిగి మంట, జ్వరము కలిగించును. ఋతుదినములలో గడియ, నీరు, మూతగల చెత్తబుట్ట లేనందున బడి మానువారును గలరు. ఒక గడియ, ఒక బుట్ట, కొంత నీరు వారి చదువును నిలుపును.

పని ఎవరిది?

2017 ఫిబ్రవరిలో వరంగల్ ప్రాంతపు గంగదేవిపల్లిలో కేంద్ర పారిశుధ్య శాఖ కార్యదర్శి పరమేశ్వరన్ అయ్యర్ రెండు గుంటల మరుగుదొడ్డిలోని ఒక గుంటలోనికి స్వయముగా దిగి ఎరువును తీసెను. నిండిన గుంటను మూసి ఏడాదికి పైగా విడిచినచో మలము వాసనలేని ఎరువుగా మారును. ఈ మాట సెప్టిక్ ట్యాంకుకు వర్తింపదు. అందులో దిగుట మృత్యువును పిలుచుటయే. ప్రమాదకరముగా మనుషులచేత దానిని శుభ్రపరిపించుటను 2013 చట్టము నిషేధించినది.

దినమున కనీసము రెండుసార్లు కడుగుట జీతముగల పనివారిచేత, చేతితొడుగులతో, పొడుగు పిడిగల బ్రష్షులతో జరుగవలెను. ఆ పనిని శిక్షగా గాని, ఒక కులపు పిల్లలకు గాని అప్పగించుట అన్యాయము. విద్యార్థుల వంతు వేరు: వాడినవెంటనే నీరు పోయుట, కుళాయి కట్టుట, చేతులు కడుగుట, సబ్బు అయిపోయినపుడు చెప్పుట. ఉపాధ్యాయులును అవే నియమములను పాటించినచో ఈ పాఠమును వేరుగా చెప్పనక్కరలేదు.