ఖరీదైన టెలిఫొటో లెన్సు: అభిరుచి ఫొటోగ్రాఫరుకు ఎంతవరకు అవసరం?

విషయక్రమం

9.0 లక్ష్యాలు
9.1 పరిచయం
9.2 టెలిఫొటో లెన్సు చేసే పని
9.3 ధర ఎందుకు పెరుగుతుంది?
9.4 రాయలసీమ నుంచి మూడు సందర్భాలు
9.5 ఖర్చు లెక్క
9.6 కొనే ముందు వేసుకోవలసిన ప్రశ్నలు
9.7 సారాంశం
9.8 మీ ప్రగతిని పరీక్షించుకోండి: మాదిరి సమాధానాలు
9.9 నమూనా పరీక్ష ప్రశ్నలు

9.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
• లెన్సు నాభ్యంతరానికి, సెన్సరు మీద పడే ప్రతిబింబం పరిమాణానికి ఉన్న సంబంధాన్ని లెక్కగట్టగలుగుతారు.
• టెలిఫొటో లెన్సు ధరలో ఎక్కువ భాగం దేనికి చెల్లిస్తున్నామో వివరించగలుగుతారు.
• మీ అవసరానికి ఏ లెన్సు సరిపోతుందో, కొనడం మేలో అద్దెకు తీసుకోవడం మేలో నిర్ణయించుకోగలుగుతారు.

9.1 పరిచయం

కెమెరా కొన్న కొద్ది నెలలకే చాలామందికి ఒక అసంతృప్తి మొదలవుతుంది. కరెంటు తీగ మీద వాలిన పాలపిట్ట కంటికి ఎంతో అందంగా కనిపిస్తుంది. ఫొటోలో మాత్రం అది చిన్న నీలిచుక్కగా మిగులుతుంది. అప్పుడు మనసు పెద్ద లెన్సు మీదికి పోతుంది. అంగడిలో విచారిస్తే ధరలు పాతిక వేల నుంచి పది లక్షల రూపాయల పైదాకా ఉంటాయి. నెల జీతం మీదనో, పంట రాబడి మీదనో బతికే కుటుంబంలో ఇది చిన్న నిర్ణయం కాదు. వాయిదాల మీద కొంటే రెండు మూడేళ్ళపాటు ఇంటి ఖర్చుల మీద భారం పడుతుంది.

పెళ్ళిళ్ళు, సభలు తీసి సంపాదించేవారికి లెన్సు పనిముట్టు. పెట్టిన డబ్బు తిరిగి వస్తుందో రాదో వారు రాబడిని బట్టి తేల్చుకోగలరు. అభిరుచి కోసం ఫొటోలు తీసేవారికి అలాంటి కొలబద్ద లేదు. అందువల్ల వారు ముందు ఒక ప్రశ్న వేసుకోవాలి: నా ఫొటోలో లోపించింది ఏమిటి? దూరాన్ని దగ్గర చేసే శక్తా, వెలుతురా, లేక నేను ఆ చోట గడిపే సమయమా? ఖరీదైన లెన్సు మొదటి రెండు లోపాలను కొంతవరకు తీరుస్తుంది. మూడోదాన్ని తీర్చలేదు. ఈ భాగంలో మనం చర్చించేది ఈ అంశాన్నే.

9.2 టెలిఫొటో లెన్సు చేసే పని

నాభ్యంతరం పెరిగితే ప్రతిబింబం అదే నిష్పత్తిలో పెరుగుతుంది. దూరంలో ఉన్న వస్తువులకు ఈ సూత్రం సరిపోతుంది:

ప్రతిబింబం ఎత్తు = వస్తువు ఎత్తు × నాభ్యంతరం ÷ దూరం

పాలపిట్ట పొడవు సుమారు 30 సెం.మీ., అంటే 300 మి.మీ. అది 30 మీటర్ల దూరంలో, అంటే 30,000 మి.మీ. దూరంలో ఉందనుకుందాం. 300 మి.మీ. లెన్సుతో తీస్తే సెన్సరు మీద దాని ప్రతిబింబం 300 × 300 ÷ 30,000 = 3 మి.మీ. ఉంటుంది. 600 మి.మీ. లెన్సుతో తీస్తే 6 మి.మీ. ఉంటుంది.

ఈ 3 మి.మీ. చాలా తక్కువగా తోచవచ్చు. నిజంగా తక్కువో కాదో చూద్దాం. అభిరుచి ఫొటోగ్రాఫర్ల దగ్గర ఎక్కువగా ఉండే ఎపిఎస్-సి రకం కెమెరా సెన్సరు ఎత్తు సుమారు 15.6 మి.మీ. ఇరవై నాలుగు మెగాపిక్సెళ్ళ కెమెరాలో ఆ ఎత్తులో 4,000 పిక్సెళ్ళు ఉంటాయి. కనుక 3 మి.మీ. ప్రతిబింబంలో సుమారు 770 పిక్సెళ్ళు ఉంటాయి. అంగుళానికి 300 పిక్సెళ్ళ చొప్పున 6 × 4 అంగుళాల ప్రింటు వేయడానికి 1,800 × 1,200 పిక్సెళ్ళు చాలు. అంటే ఫొటోను ఆ మేరకు కత్తిరించి ప్రింటు వేస్తే, అందులో పాలపిట్ట దాదాపు మూడింట రెండు వంతుల ఎత్తున కనిపిస్తుంది. ఆల్బంలో పెట్టుకోవడానికి, సెల్‌ఫోనులో చూపించడానికి ఇది సరిపోతుంది.

ఎ3 పరిమాణంలో ప్రింటు వేసి గోడకు తగిలించాలన్నా, ప్రదర్శనకు పంపాలన్నా సుమారు 4,960 × 3,508 పిక్సెళ్ళు కావాలి. అప్పుడు 770 పిక్సెళ్ళ పక్షి చాలా చిన్నదిగా ఉంటుంది. 600 మి.మీ. లెన్సు ఇచ్చే సుమారు 1,540 పిక్సెళ్ళ అవసరం ఇక్కడ తెలుస్తుంది. కనుక ఫొటోను ఎంత పెద్దదిగా వాడతామన్నది తేల్చుకోకుండా లెన్సు ఎంచుకోకూడదు.

సూత్రంలో మరో విషయం గమనించండి. దూరం విభాజకంలో ఉంది. 30 మీటర్ల దూరాన్ని 15 మీటర్లకు తగ్గించుకోగలిగితే, 300 మి.మీ. లెన్సే 6 మి.మీ. ప్రతిబింబాన్ని ఇస్తుంది. నిదానంగా నడవడం, ఒకచోట కదలకుండా కూర్చోవడం, పక్షి రోజూ వాలే చోటును ముందే తెలుసుకోవడం ద్వారా ఆ దూరం తగ్గుతుంది. వీటికి ఖర్చు లేదు, ఓపిక కావాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి
1. పాలపిట్ట 20 మీటర్ల దూరంలో ఉంది. మీ దగ్గర 200 మి.మీ. లెన్సు ఉంది. సెన్సరు మీద ప్రతిబింబం ఎత్తు ఎంత? 6 × 4 అంగుళాల ప్రింటుకు అది సరిపోతుందా?

9.3 ధర ఎందుకు పెరుగుతుంది?

ఒకే నాభ్యంతరం ఉన్న రెండు లెన్సుల ధరల్లో ఎంతో తేడా ఉంటుంది. దీనికి ప్రధాన కారణం ఎపర్చర్, అంటే వెలుతురును లోనికి రానిచ్చే ద్వారం. నాభ్యంతరాన్ని ఎఫ్-సంఖ్యతో భాగిస్తే ఆ ద్వారం వ్యాసం వస్తుంది. 600 మి.మీ. ఎఫ్/4 లెన్సుకు అది 150 మి.మీ. 600 మి.మీ. దగ్గర ఎఫ్/6.3 ఉన్న లెన్సుకు సుమారు 95 మి.మీ. వ్యాసం పెరిగేకొద్దీ పెద్ద గాజు కటకాలు కావాలి. వాటిని దోషం లేకుండా సానపట్టడం కష్టం. బరువు, ధర రెండూ ఎక్కుతాయి.

ఒక ఉదాహరణ చూడండి. సోనీ కంపెనీ 2019 జూన్‌లో రెండు లెన్సులను ఒకేసారి ప్రకటించింది. 600 మి.మీ. ఎఫ్/4 లెన్సుకు అమెరికాలో పెట్టిన ధర సుమారు 13,000 డాలర్లు, బరువు 3 కిలోల పైచిలుకు. 200 నుంచి 600 మి.మీ. వరకు పనిచేసే జూమ్ లెన్సు ధర సుమారు 2,000 డాలర్లు, బరువు 2 కిలోల పైచిలుకు. రెండూ 600 మి.మీ. దాకా చూడగలవు. ధరలో తేడా మాత్రం ఆరున్నర రెట్లు.

ఆ అదనపు డబ్బుకు దక్కేదేమిటి? ఎఫ్/4 లెన్సు ఎఫ్/6.3 లెన్సు కంటే సుమారు రెండున్నర రెట్లు ఎక్కువ వెలుతురును రానిస్తుంది. చిన్న లెన్సుతో సెకనులో 400వ వంతు వేగంతో తీసే ఫొటోను పెద్ద లెన్సుతో 1,000వ వంతు వేగంతో తీయవచ్చు. వెనుక దృశ్యం మరింత మెత్తగా మసకబారుతుంది. ఫోకస్ వేగం, నిర్మాణ నాణ్యత కూడా మెరుగ్గా ఉంటాయి. ఇవన్నీ నిజమైన ప్రయోజనాలే. అయితే తెల్లవారుజామున, మునిమాపు వేళ, దట్టమైన చెట్ల నీడలో మాత్రమే ఆ వెలుతురు తేడా గట్టిగా తెలుస్తుంది. ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండ కాసే కడప, కర్నూలు ప్రాంతాల్లో పొద్దెక్కిన తరువాత వెలుతురుకు కొదువ ఉండదు.

దూరం, వెలుతురు వేర్వేరు అవసరాలని చందమామ ఉదాహరణ స్పష్టం చేస్తుంది. చంద్రుని దూరాన్ని మనం తగ్గించుకోలేము, కనుక పొడవైన లెన్సు కావాలి. 600 మి.మీ. లెన్సుతో చంద్రబింబం సెన్సరు మీద సుమారు 5.4 మి.మీ. ఉంటుంది. కాని పున్నమి చంద్రుడు ఎండపడిన నేల వంటివాడు, కావలసినంత కాంతి ఇస్తాడు. ఎఫ్/4 కోసం ఖర్చుపెట్టిన డబ్బు ఇక్కడ వృథా.

9.4 రాయలసీమ నుంచి మూడు సందర్భాలు

9.4.1 రోళ్ళపాడు: పొడవైన లెన్సు అవసరమైన చోటు

రోళ్ళపాడు గడ్డిభూములను 1988లో అభయారణ్యంగా ప్రకటించారు. అప్పుడది కర్నూలు జిల్లా, ఇప్పుడు నంద్యాల జిల్లా. బట్టమేక పిట్ట కోసం ఏర్పాటైన ఈ చోట ఆ పక్షి ఇప్పుడు కనిపించడం చాలా అరుదు. కృష్ణజింకలు మాత్రం మేస్తూ కనిపిస్తాయి. చాటుకు చెట్లు తక్కువ. మనిషిని చూడగానే జింకలు దూరం జరుగుతాయి. 80 సెం.మీ. ఎత్తున్న జింక 150 మీటర్ల దూరంలో ఉంటే 300 మి.మీ. లెన్సులో దాని ప్రతిబింబం 1.6 మి.మీ. మాత్రమే. 600 మి.మీ. లెన్సులో 3.2 మి.మీ. దగ్గరకు పోయే వీలు లేనందువల్ల ఇక్కడ పొడవైన లెన్సు నిజంగా ఉపయోగపడుతుంది.

దానికీ ఒక హద్దు ఉంది. ఎండాకాలంలో పొద్దెక్కాక నేల కాగి, దానిమీది గాలి పొరలు వేర్వేరు ఉష్ణోగ్రతల్లో కదులుతుంటాయి. వాటి గుండా వచ్చే కాంతి కిరణాలు అటూ ఇటూ వంగుతాయి. ఎండమావులు కనిపించే వేళ దూరపు వస్తువుల అంచులు అల్లల్లాడటం మీరు చూసే ఉంటారు. లెన్సు ఆ అల్లల్లాటను కూడా పెద్దది చేసి చూపిస్తుంది. పది లక్షల లెన్సయినా కాగిన గాలిని తేటపరచలేదు. ఉదయం 7 గంటలకు మామూలు లెన్సుతో తీసిన జింక ఫొటో, మధ్యాహ్నం 12 గంటలకు ఖరీదైన లెన్సుతో తీసినదానికంటే స్పష్టంగా ఉండే అవకాశం ఎక్కువ.

9.4.2 వీరాపురం: పక్షులే దగ్గరగా ఉండే చోటు

శ్రీ సత్యసాయి జిల్లా చిలమత్తూరు మండలంలోని వీరాపురానికి ఎర్రకాళ్ళ కొంగలు ఏటా వచ్చి ఊరి చెట్ల మీదే గూళ్ళు కట్టుకుంటాయి. ఊరివారు వాటి రాకను శుభంగా భావించి కాపాడుతున్నారు. గుంటూరు దగ్గరి ఉప్పలపాడులో కూడా గూడకొంగలు ఊరి చెరువులో చెట్ల మీద గుంపులుగా చేరతాయి. దాదాపు మీటరు పొడవున్న పక్షి 30 మీటర్ల దూరంలో ఉంటే, 250 మి.మీ. లెన్సులోనే దాని ప్రతిబింబం 8 మి.మీ. దాటుతుంది. అంటే చిత్రం ఎత్తులో సగానికి పైగా నిండుతుంది. ఇలాంటి చోట్ల కెమెరాతో పాటు తక్కువ ధరకు దొరికే జూమ్ లెన్సే చాలు.

9.4.3 లంకమల కలివికోడి: లెన్సుతో తీరని సమస్య

కడప జిల్లాకు ప్రపంచ పక్షిశాస్త్రంలో స్థానం తెచ్చిన పక్షి కలివికోడి. దీన్ని 1848లో శాస్త్రీయంగా వర్ణించారు. 1900 ప్రాంతం తరువాత ఎవరికీ కనిపించకపోవడంతో అంతరించిపోయిందనుకున్నారు. 1986 జనవరిలో బొంబాయి నాచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధన బృందం, స్థానికుల సాయంతో, ఈ జిల్లాలోని రెడ్డిపల్లి పరిసరాల్లో దాన్ని తిరిగి కనుగొన్నది. ఆ తరువాత శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది.

కలివికోడి ముళ్ళపొదల నడుమ రాత్రిపూట తిరిగే పక్షి. పొడవైన లెన్సుకు అక్కడ చూపు సాగదు, వెలుతురూ ఉండదు. అందుకే తరువాతి పరిశోధకులు వేరే మార్గాలు పట్టారు. మెత్తటి మట్టి పరిచిన పట్టీల మీద అడుగుజాడలు వెదికారు, రాత్రివేళ దాని కూతను విన్నారు, జంతువు ఎదుటికి రాగానే తనంతట తానే పనిచేసే కెమెరాలను నేలకు దగ్గరగా అమర్చారు. ఫలితాన్నిచ్చింది లెన్సు పొడవు కాదు, ఆ పక్షి నడిచే దారిని ఎరిగి ఉండడం.

అయితే ఇది అనుమతితో శాస్త్రజ్ఞులు చేసిన పని. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం అభయారణ్యంలో ఫొటోలు తీయడానికి అటవీశాఖ అనుమతి తీసుకోవాలి. రాత్రివేళ పొదల్లోకి చొరబడడం, టార్చి వేయడం, కూతల రికార్డు వినిపించి పక్షిని రప్పించడం అభిరుచి ఫొటోగ్రాఫరు చేయకూడని పనులు. దూరం తగ్గించుకోమని 9.2లో చెప్పిన మాటకు కూడా ఇదే హద్దు. పక్షి మేత మానినా, గూడు వదిలి లేచినా మనం మరీ దగ్గరకు వచ్చామని అర్థం.

మీ ప్రగతిని పరీక్షించుకోండి
2. మండే ఎండలో, మైదానంలో పొడవైన లెన్సుతో తీసిన ఫొటో ఎందుకు మసకగా వస్తుంది?

9.5 ఖర్చు లెక్క

లెన్సు అసలు ఖర్చు దాని ధర కాదు. కొన్న ధరలోంచి తిరిగి అమ్మితే వచ్చే సొమ్మును తీసివేసి, వాడిన రోజులతో భాగిస్తే అసలు ఖర్చు తెలుస్తుంది. లెక్క కోసం ఒక లెన్సును 2,00,000 రూపాయలకు కొని, ఐదేళ్ళ తరువాత 1,10,000 రూపాయలకు అమ్మారనుకుందాం. ఖర్చు 90,000 రూపాయలు.

• నెలకు ఒకసారి వాడితే ఐదేళ్ళలో 60 రోజులు. రోజుకు ఖర్చు 1,500 రూపాయలు.
• ఏడాదికి నాలుగుసార్లే వాడితే 20 రోజులు. రోజుకు ఖర్చు 4,500 రూపాయలు.

అలాంటి లెన్సు రోజుకు 1,500 రూపాయల అద్దెకు దొరికితే, ఏడాదికి నాలుగుసార్లు బయటికి వెళ్ళేవారికి కొనడం నష్టం. నెలకు రెండు మూడుసార్లు వెళ్ళేవారికి కొనడం లాభం. వాయిదాల మీద కొంటే వడ్డీని కూడా ఖర్చులో కలపాలి.

ఇదే డబ్బును మరోలా కూడా చూడవచ్చు. పాతిక వేల రూపాయల లెన్సు కొని, మిగిలినదాంట్లో కొంత ప్రయాణాలకు పెట్టుకుంటే రోళ్ళపాడుకో వీరాపురానికో ఎన్నోసార్లు వెళ్ళి రావచ్చు. ఒకే చోటికి పదిసార్లు వెళ్ళినవారికి అక్కడి వెలుతురు, జంతువుల అలవాట్లు తెలుస్తాయి. నా అభిప్రాయంలో మొదటి రెండేళ్ళు డబ్బు పెట్టవలసింది దీనిమీదే.

9.6 కొనే ముందు వేసుకోవలసిన ప్రశ్నలు

1. గత ఏడాది తీసిన ఫొటోల్లో మంచివి ఇరవై, చెడిపోయినవి ఇరవై ఏరండి. చెడిపోవడానికి కారణం దూరమా, వెలుతురా, చెయ్యి కదలడమా, వేళ కాని వేళ వెళ్ళడమా?
2. చెయ్యి కదలడమే కారణమైతే ముందు దాన్ని సరిదిద్దండి. ఎపిఎస్-సి కెమెరాలో 300 మి.మీ. లెన్సును చేత్తో పట్టుకుంటే వేగం సెకనులో 500వ వంతుకు తగ్గకుండా చూడటం మంచిది. బియ్యమో ఇసుకో నింపిన గుడ్డసంచిని గోడ మీదనో, కారు కిటికీ మీదనో పెట్టి దానిపై లెన్సును ఆనించవచ్చు.
3. ఫొటోలను ఎ3 ప్రింటుగా వేస్తున్నారా, సెల్‌ఫోనులోనే చూస్తున్నారా?
4. మూడు కిలోల లెన్సును ఎండలో మోస్తూ రెండు గంటలు నడవగలరా? బరువుకు జంకి ఇంట్లో వదిలిన లెన్సు ఏ ధరకు కొన్నా దండగే.
5. ఒకటి రెండు రోజులు అద్దెకు తెచ్చి వాడి చూశారా?

9.7 సారాంశం

టెలిఫొటో లెన్సు దూరపు వస్తువు ప్రతిబింబాన్ని పెద్దది చేస్తుంది. దూరాన్ని సగం చేసుకున్నా అదే ఫలితం వస్తుంది. అత్యధిక ధరలో పెద్ద వాటా వెలుతురును ఎక్కువగా రానిచ్చే ఎపర్చర్‌కు పోతుంది. దగ్గరకు వెళ్ళలేని గడ్డిభూముల్లో పొడవైన లెన్సు అవసరం, కాని మధ్య రకం జూమ్ లెన్సు చాలావరకు ఆ పని చేస్తుంది. పక్షులు ఊళ్ళోకే వచ్చే చోట మామూలు లెన్సు చాలు. తరచుగా తెల్లవారుజామున వెళ్ళేవారికి, పెద్ద ప్రింట్లు వేసేవారికి, తన ఫొటోలు చెడడానికి వెలుతురు చాలకపోవడమే కారణమని పరీక్షించి తెలుసుకున్నవారికి ఖరీదైన లెన్సు తగినదే. మిగిలినవారు ముందు సమయాన్ని, తరువాత డబ్బును వెచ్చించడం మేలు.

9.8 మీ ప్రగతిని పరీక్షించుకోండి: మాదిరి సమాధానాలు

1. 300 × 200 ÷ 20,000 = 3 మి.మీ. ఇరవై నాలుగు మెగాపిక్సెళ్ళ ఎపిఎస్-సి కెమెరాలో ఇది సుమారు 770 పిక్సెళ్ళు. కత్తిరించి 6 × 4 అంగుళాల ప్రింటు వేయడానికి సరిపోతుంది.
2. కాగిన నేల మీది గాలి పొరల ఉష్ణోగ్రతలు వేర్వేరుగా ఉండి, అవి కదులుతుండటంవల్ల కాంతి కిరణాలు వంగుతాయి. లెన్సు ఆ కదలికను కూడా పెద్దది చేస్తుంది.

9.9 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. టెలిఫొటో లెన్సుల ధరల్లో తేడాకు కారణాలను ఉదాహరణలతో వివరించండి.
2. రోళ్ళపాడు, వీరాపురం, లంకమల ప్రాంతాల్లో ఫొటోగ్రాఫరు అవసరాలను పోల్చి చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. లెన్సును కొనడం, అద్దెకు తీసుకోవడం: ఏది మేలో ఎలా నిర్ణయిస్తారు? మీ సొంత అంకెలతో లెక్కకట్టండి.
2. పక్షుల ఫొటోలు తీసేటప్పుడు పాటించవలసిన హద్దులు ఏవి?