త్రాటి మొదటి కొస

కొండనెక్కే త్రాటికి రెండు కొసలున్నవి. రెండింటి ధర్మమూ ఒకటి కాదు. వెనుక కొసనున్నవారు జారితే పైవారు పట్టి నిలుపుతారు. ముందు పోయేవారు జారితే, నడుమ ఆధారమేదీ లేకున్నచో, త్రాడు సాగిన పొడవుకు రెట్టింపు దూరం పడవలసినదే. జనపనార త్రాళ్ళ కాలంలో ఆ పాటు తరచు ప్రాణాంతకమే. ఆల్ప్స్ పర్వతాలలో స్త్రీలు మాంట్ బ్లాంక్‌ను 1808లోనే, మాటర్‌హార్న్‌ను 1871లో ఎక్కినారు. అయినను వారికి సాధారణంగా దక్కినది వెనుక కొసయే.

అమెరికాలో 1898లో జన్మించిన మిరియం ఓబ్రయన్‌కు దానితో తృప్తి కలుగలేదు. గణితమూ, భౌతికశాస్త్రమూ చదివిన ఆమె తర్కం లెక్కవలెనే సూటియైనది. మార్గదర్శి వెనుకనే నడిచేవారికి శ్రమ దక్కుతుంది గాని, దారి వెదకి, మబ్బును అంచనా కట్టి, ముందుకా వెనుకకా అని తేల్చుకొనే ఆనందం దక్కదు. జట్టులో ఒక్క పురుషుడున్నా, ఆపద వేళ పెత్తనం అతనికే పోతుంది. కనుక పురుషుడే ఉండరాదు! ఇందులో పురుషద్వేషం వెదకడం వ్యర్థం. 1928లో 'దయ్యపు సూదులు' అనే ఐదు శిఖరాలను వరుసగా దాటిన తొలి జట్టులో, తరువాత తన భర్తయైన రాబర్ట్ అండర్‌హిల్‌తో పాటు ఆమె కూడా ఉన్నది.

ఆమె సంకల్పానికి అసలు పరీక్ష షామొని పైనున్న గ్రేపాన్ శిఖరం. ఎత్తు 3,482 మీటర్లు. 1881లో దానిని మొదట ఎక్కిన మమ్మరీయే, ఎక్కరానిదన్న కొండ సైతం కాలక్రమాన ఆడవారికి సులువైన విహారమవుతుందని హాస్యమాడినాడు. 1929 ఆగస్టు 17న మిరియం, ఫ్రెంచి వనిత ఆలిస్ దామేమ్ ఇద్దరే బయలుదేరినారు. మమ్మరీ పేరు మోస్తున్న నిట్టనిలువు చీలికలో ముందు పోయినది ఆలిస్. అలా ఇద్దరూ శిఖరం చేరినారు.

గ్రేపాన్ ఇక మాయమైనదని, ఇద్దరు ఆడవారు ఒంటరిగా ఎక్కిన కొండను ఆత్మగౌరవంగల మగవాడెవడూ ఎక్కజాలడని ఎత్యెన్ బ్రూల్ అనే ఆరోహకుడు వాపోయినాడు. కొండకు లేని బాధ ఆయనకెందుకో!

మాటర్‌హార్న్ అంత తేలికగా లొంగలేదు. 1931లో వాతావరణం వెనుకకు మళ్ళించినది. 1932 ఆగస్టులో మరల ఆలిస్‌తోనే మిరియం ఆ శిఖరం చేరినది. పురుషులు లేని జట్టు దానినెక్కడం అదే మొదలు. 1956లో ఆమె తన ఆరోహణలను గ్రంథస్థం చేసినది.

కొండలపై మమకారం వయస్సుతో సడలలేదు. న్యూ హాంప్‌షైర్‌లో నాలుగువేల అడుగులు మించిన శిఖరాలన్నిటినీ మంచుకాలంలోనే ఎక్కాలని భార్యాభర్తలు పూనుకొన్నారు. ఆ పని 1960 డిసెంబరులో పూర్తియైనది. అప్పటికామెకు 62 ఏళ్ళు.