బెట్సీ ఇంటి వేడినీళ్ళు

బాల్యమున గాయపడిన కథానాయకుడు ముప్పదియేండ్లవరకు లోకమును ద్వేషించుచు తిరుగుట, విశ్రాంతికి ముందొక యువతి అతనివంక చూచి నవ్వుట, అంతటితో అతని దుఃస్వప్నములన్నియు పటాపంచలగుట మన చలనచిత్రములకును, వారపత్రికల ధారావాహికలకును చిరపరిచితమైన ఏర్పాటు. ప్రేమ సర్వరోగనివారిణియని నమ్ముటలో ఒక సుఖమున్నది. ఆ నవ్వు ఏ గాయమును, ఎన్నాళ్ళకు, ఎట్లు మాన్పెనో రచయిత చెప్పడు, మనమును అడుగము.

అడిగినవారికి సమాధానము చెప్పగల నవల చార్లెస్ డికెన్సు 1849–50 సంవత్సరములలో నెలనెలా భాగములుగా ప్రకటించిన 'డేవిడ్ కాపర్‌ఫీల్డ్'. తండ్రి మొగమెరుగని డేవిడ్, తల్లి మారుమనువాడిన మర్డ్‌స్టన్ చేత పాఠము తప్పినందుకు దెబ్బలు తిని, ఆ బాధలో అతని చేయి కొరికి, అందుకు శిక్షగా కరచువాడను హెచ్చరిక పలకను వీపున మోయుచు పాఠశాలలో తిరుగును. తల్లి గతించిన పిమ్మట పదియేండ్ల ప్రాయమున సారాయి సీసాలు కడుగు కొట్టునకు పనికి పంపబడును. అచటినుండి పారిపోయి, తొడుగుకొన్న కోటుసైతము దారిలో అమ్ముకొని, లండను నుండి డోవరువరకు నడచి, తానెన్నడును చూడని బెట్సీ ట్రాట్‌వుడ్ తోటలో నిలుచును. ఆమె డేవిడ్ తండ్రికి మేనత్త. ఆడపిల్ల పుట్టలేదని అలిగి వాడు పుట్టిన రాత్రియే గడపదాటి పోయిన మనిషి. మగపిల్లలకిచట చోటులేదని గద్దించిన ఆ వృద్ధురాలు, తాను మేనల్లుని కొడుకునని వాడనగానే త్రోవలోనే చతికిలబడును.

ఆమె అటుపిమ్మట ఓదార్పు మాటలు వెదకదు. వానిని లోనికి తీసికొనిపోయి, అలమర తెరచి, చేతికందిన సీసా నెల్ల వాని నోట ఒంపును: ఒకదానిలో సోంపునీరు, ఒకదానిలో చేపల ఊరగాయ రసము, వేరొకదానిలో పచ్చికూరలపై చల్లు పులుసు. వీనినేమి చేయుదమని ఇంట నున్న మతి చెదరిన మిస్టర్ డిక్కును అడుగగా, అతడు స్నానము చేయింపుమనును. వేడినీళ్ళు, డిక్కు చొక్కాయు, లాగును, రెండు మూడు శాలువలు, సోఫాపై నిద్ర. నడుమనడుమ పచ్చికపైకి గాడిదలు వచ్చినపుడెల్ల ఆమె పరుగెత్తి తరుముచునే యుండును. తరువాత మర్డ్‌స్టన్ వచ్చి పిల్లవాని నిమ్మనినపుడును డిక్కు తీర్పే చెల్లును: వీనికి కొత్తబట్టలకు కొలత తీయింపుమని.

ఇది హాస్యమే, కాని ఈ హాస్యము వ్రాసినవాని బాల్యము హాస్యము కాదు. 1824లో తండ్రి అప్పులు తీర్చలేక మార్షల్సీ కారాగారమున నుండగా, పండ్రెండేండ్ల డికెన్సు థేమ్సు నది యొడ్డున ఎలుకలు తిరుగు శిథిల గృహమున, బూట్లకు పూయు నల్లరంగు డబ్బాలపై నూనెకాగితమును, దానిపై నీలికాగితమును కప్పి, దారము కట్టి, చీటియంటించుచు వారమునకు ఆరేడు షిల్లింగులు సంపాదించెను. తండ్రి ఆ పని మాన్పించిన పిమ్మటను తల్లి మరల పంపనెంచెను. దానిని అతడు జన్మాంతమువరకు మరువలేదు. పెద్దకుమారునికి మాటలు వచ్చిన పిదపకూడ, ఆనాడు ఇల్లు చేరుటకు నడచిన ఆ వీధిని పోవునపుడు అతనికి కన్నీరు వచ్చుచుండెడిది. బిడ్డలకైన చెప్పని ఈ కథ అతని మరణానంతరము మిత్రుడు ఫార్‌స్టర్ రచించిన జీవితచరిత్రవలన లోకమునకు తెలిసెను.

తనకు దొరకని అత్తను డేవిడ్‌కు ఇచ్చెనని నాకు తోచును. వివాహముల విషయమున అతని చేయి అంత నిబ్బరముగా లేదు. డేవిడ్ మొదట వరించిన డోరా అతని తల్లివలెనే సుకుమారి, పసిమనసుది, అల్పాయుష్కురాలు. పోయినదానినే మరల వెదకికొను మనస్సును ఇంత సూక్ష్మముగా పట్టినవాడు, చివరకు డేవిడ్‌ను రెండవ భార్యయగు ఏగ్నెస్ చేతిలో పెట్టి బాగుపరచెదనన్నపుడు నేను నమ్మజాలకున్నాను. ఆమె దేవతా ప్రతిమ; గాడిదలను తరుమ లేదు.

మనవారిలో ఈ చిక్కును ఎదుర్కొన్నవాడు బుచ్చిబాబు. 'చివరకు మిగిలేది'లోని దయానిధి వైద్యుడు. తల్లి శీలముపై లోకము మోపిన అపవాదు అతని చిన్ననాటినుండి వెంటాడును. ప్రేమించుటకు అతడు సంసిద్ధుడే. కోమలియందును, అమృతమందును ఏదియో వెదకును. దొరికినదనుకొన్న క్షణముననే వెనుదీయును. అతనిని చేతగానివాడని విసుగుకొను పాఠకులు నేటికిని కలరు. పిచ్చి కుదిరితేగాని పెండ్లి కాదు, పెండ్లియైతేగాని పిచ్చి కుదరదు అని మన యిండ్లలో నవ్వుచు అనుకొందుము గాని, అందలి రెండవ పాదమును మాత్రము నిజముగా నమ్ముదుము. బుచ్చిబాబు అదియు చేసి చూచెను. ఇందిరతో దయానిధికి వివాహము జరిపించెను; ఆ కాపురము కుదురలేదు.